ఆదివారం రాత్రి పిచర్ చెయ్యి: మ్యాచ్ అయ్యాక ఏం చేయాలి, ఏం చేయకూడదు

పద్నాలుగేళ్లు వచ్చాక మా అమ్మాయి తన జడ మీద ఎవరి చెయ్యీ పడనివ్వదు. అలాంటిది పోయినేడాది జూన్‌లో ఒక ఆదివారం, సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట, అందులో తను బ్యాటర్‌కి బంతి వేసే పిచర్) టోర్నమెంట్ నుంచి ఇంటికొచ్చి సోఫాలో కూలబడి, "అమ్మా, జడ విప్పవా" అంది. వాళ్లమ్మ మురిసిపోయింది. నేను మాత్రం పిల్ల కుడి చెయ్యి చూశాను. అది చెవి దాటి పైకి లేవడం లేదు.

అంతవరకూ నేనూ అందరిలాగే నమ్మాను. సాఫ్ట్‌బాల్‌లో బంతి కింది నుంచి వేస్తారు కదా, అది చేతికి సహజంగా వచ్చే కదలిక, బేస్‌బాల్ కుర్రాళ్లలా భుజం పాడవదు, ఎన్ని వేసినా పర్వాలేదు అని. టెక్సస్ ఎండలో, జట్టు కూర్చునే డగౌట్ వెనక మడత కుర్చీలు వేసుకుని కూర్చున్న ఏ తల్లిదండ్రుల్ని అడిగినా ఇదే మాట చెబుతారు. తప్పు. విండ్‌మిల్ పిచ్‌లో, అంటే గాలిమరలా చెయ్యి తిప్పి బంతి వేసే పద్ధతిలో, చెయ్యి పూర్తి చుట్టు తిరిగి నడుం పక్కన బంతిని వదిలేలోపు భుజాన్ని గూటిలోంచి బయటికి లాగే బలం, పైనుంచి విసిరే పిచర్లలో కనిపించేదానికి దగ్గర్లోనే ఉంటుందని ల్యాబుల్లో కొలిచినవాళ్లు ఎప్పుడో చెప్పారు. ఆ లాగుడుకి అడ్డుపడే పని చాలావరకు బైసెప్స్ కండది. చెయ్యి కిందికి దిగే చివరి పావు చుట్టులో అది బిగుసుకుని పట్టుకుంటుంది. ఆ కండ పైకొస తాడులా మారి, భుజం ముందువైపు ఎముకలో ఉన్న సన్నటి గాడిలోంచి పోతుంది. సాఫ్ట్‌బాల్ పిచర్లకి భుజం ముందు భాగం తరచూ నొప్పెట్టేది అందుకే.

నేను డాక్టర్ని కాను, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. ఆ ఆదివారం తర్వాత ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకున్నవీ, ఏడాదిగా ఇంట్లో చేసి చూసినవీ ఇక్కడ రాస్తున్నాను. మీ అమ్మాయి అమెరికాలో ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడే ట్రావెల్ బాల్ జట్టులో ఉన్నా, తెలంగాణలోనో ఆంధ్రాలోనో స్కూల్ గేమ్స్‌కి వెళ్తున్నా భుజం ఒకటే. ఎక్కడైనా రెండు మూడు రోజుల్లో బోలెడు మ్యాచ్‌లు, జట్టుకి ఒక్కరో ఇద్దరో పిచర్లు.

అన్నిటికంటే ముందు లెక్క

మ్యాచ్ అయ్యాక ఏం చేయాలో తెలియాలంటే ఆ రోజు చెయ్యి ఎంత పని చేసిందో తెలియాలి. గుడి మెట్ల దగ్గర జపం లెక్కపెట్టుకునే వాళ్ల వేలికి ఉంటుంది చూడండి, నొక్కితే అంకె మారే చిన్న కౌంటరు, అలాంటిది ఒకటి కొనండి. బంతి చేతిలోంచి వెళ్లిన ప్రతిసారీ నొక్కండి. ప్రతిసారీ అంటే వార్మప్‌లో కూడా.

ఆ జూన్ వారాంతం మా స్కోర్‌బుక్‌లో ఉన్నది ఇదీ: శనివారం రెండు మ్యాచ్‌ల్లో 62, 71. ఆదివారం 80, 54. మొత్తం 267. కానీ మొదటి మ్యాచ్‌కి ముందు బుల్‌పెన్‌లో, అంటే పిచర్లు వార్మప్ చేసే చోట, వేసిన నలభై, రెండో దానికి ముందు పాతిక, మర్నాడు ముప్పై అయిదు, ఇరవై ఎవరూ రాయలేదు. ఇన్నింగ్స్ మొదలైన ప్రతిసారీ అంపైర్ ఇచ్చే ఆ అయిదేసి బంతులూ రాయలేదు. పద్దెనిమిది ఇన్నింగ్స్‌కి అవే తొంభై. అన్నీ కలిపితే 477. వార్మప్‌లో ప్రతి బంతీ పూర్తి బలంతో వేయదనుకున్నా, పుస్తకంలో ఉన్న లెక్క వేరు, భుజానికి తెలిసిన లెక్క వేరు.

బేస్‌బాల్‌లో ఈ విషయం మీద పిచ్ స్మార్ట్ అనే మార్గదర్శకాలున్నాయి. 13, 14 ఏళ్ల కుర్రాడు ఒక రోజులో 95కి మించి వేయకూడదు. 51 నుంచి 65 వేస్తే మూడు రోజులు విశ్రాంతి, 66 దాటితే నాలుగు రోజులు. అంటే 62 వేసిన పిల్లాణ్ణి మూడు రోజులు పక్కన కూర్చోబెడతారు. అన్నే వేసిన మా అమ్మాయి గంటన్నర తర్వాత మళ్లీ బంతి వేసే సర్కిల్‌లో నిలబడింది. సాఫ్ట్‌బాల్‌కి కూడా అమెరికాలో స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్లు నడిపే స్టాప్ స్పోర్ట్స్ ఇంజురీస్ ప్రచారం వాళ్లు అంకెలు సూచించారు: 13, 14 ఏళ్ల వాళ్లకి మ్యాచ్‌కి 80, రోజుకి 115. అది సలహా మాత్రమే. చాలా టోర్నమెంట్లలో అడ్డుకునే నియమం ఏదీ ఉండదు. కాబట్టి అడ్డుకునేది మీరే.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ పిచర్ యుకికో యుఎనో రెండు రోజుల్లో మూడు మ్యాచ్‌లకి 413 బంతులు వేసి స్వర్ణం గెలిపించిందని కోచ్‌లు కథలు కథలుగా చెబుతారు. నిజమే. అప్పటికి ఆవిడకి 26 ఏళ్లు, ఎదిగిన ఎముకలు. ఆ కథ ఎనిమిదో తరగతి పిల్లకి చెప్పేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాలి.

ఆఖరి అవుట్ పడగానే

జట్టు చేతులు కలిపి, కోచ్ మీటింగ్ అయి, ఫోటోలు దిగి, స్నాక్స్ తిని కారెక్కే సరికి ముప్పావుగంట అవుతుంది. ఆలోపు చెమట ఆరి, భుజం బిగుసుకుపోతుంది. మీకు కావాల్సింది అందులో పది నిమిషాలు.

ముందు నడక. ఫెన్స్ వెంబడి ఒక చివరి నుంచి ఇంకో చివరికి చురుగ్గా నడిపించండి, ఓపికుంటే నెమ్మదిగా పరుగు. అయిదు నిమిషాలు చాలు. తర్వాత ఎవరైనా ఒక స్నేహితురాలితో పైనుంచి తేలిగ్గా పది పదిహేను విసుర్లు. దూరం కాదు, వేగం కాదు. కబుర్లు చెప్పుకుంటూ విసురుకునేంత మెల్లగా. నొప్పి ఉంటే ఇది మానేయండి.

తర్వాత బ్యాండ్. రబ్బరు రెసిస్టెన్స్ బ్యాండ్ తేలికపాటిది ఒకటి బ్యాగులో పడేసి ఉంచండి. మన ఊళ్లలో పీఈటీ సార్లు పాత సైకిల్ ట్యూబు కోసి వాడతారు, అది కూడా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రెండు చేతులూ ఛాతీ ఎత్తులో ముందుకు చాపి, బ్యాండ్‌ని పక్కలకి సాగదీస్తూ వీపు మీది రెక్క ఎముకలు రెండూ దగ్గరికి తేవాలి. పదిహేనుసార్లు. భుజాలు చెవుల వైపు లేస్తున్నాయంటే బ్యాండ్ గట్టిది, మార్చండి.

ఆఖరికి ఒక్క స్ట్రెచ్. పిచింగ్ చెయ్యిని ఛాతీకి అడ్డంగా తెచ్చి, రెండో చేత్తో మోచేతి దగ్గర పట్టుకుని మెల్లగా దగ్గరికి లాక్కోవాలి. 30 సెకన్లు, మూడుసార్లు. ఆ వైపు వీపు గోడకో ఫెన్స్ స్తంభానికో ఆనిస్తే రెక్క ఎముక కదలకుండా ఉండి, సాగాల్సిన చోటే సాగుతుంది. లాగినట్టు అనిపించాల్సింది భుజం వెనకాల. ముందువైపు గుచ్చినట్టుంటే ఆపేయండి.

చేయకూడనిది కూడా చెప్పాలి. చాలామంది పిల్లలు అలవాటుగా చెయ్యిని ఫెన్స్‌కి పట్టించి, ఒళ్లంతా అవతలికి తిప్పి భుజం ముందు భాగాన్ని బలంగా సాగదీస్తారు. చూడ్డానికి ప్రొఫెషనల్‌గా ఉంటుంది. కానీ రోజంతా లాగుడు తిన్నది ఆ ముందు భాగమే. దాన్ని ఇంకా లాగొద్దు.

అదే రోజు ఇంకో మ్యాచ్ ఉంటే

పైన చెప్పింది రోజులో ఆఖరి మ్యాచ్ తర్వాతి సంగతి. మధ్యలో గంటో రెండు గంటలో ఖాళీ ఉంటే భుజాన్ని వెచ్చగా ఉంచడమే పని. తడిసిన జెర్సీ మార్పించి, పైన పల్చటి పొడుగు చేతుల చొక్కా వేయించండి. ఐస్ పెట్టొద్దు. చల్లబడ్డ భుజం బిగుసుకుంటుంది, స్పర్శ కూడా మందగిస్తుంది, ఆ స్థితిలో మళ్లీ పూర్తి బలంతో వేయడం మంచిది కాదు. రెండో మ్యాచ్‌కి మళ్లీ నలభై బంతుల వార్మప్ అక్కర్లేదు, పది పదిహేను సరిపోతాయి.

ఐస్ సంగతి, నూనె సంగతి

మా ఇంట్లో దీని మీద రెండు పార్టీలు. ఒకటి నాది: ఐస్ ప్యాక్, ప్లాస్టిక్ ర్యాప్‌తో భుజానికి చుట్టేయడం, టీవీలో పిచర్లకి చూపించినట్టు. రెండోది ఖమ్మం నుంచి ఆరు నెలలకి వచ్చిన మా అత్తగారిది. "అల్లుడుగారూ, నలిగిన కండకి మంచుగడ్డ ఏంటండీ, నువ్వుల నూనె కాచి రాయాలి గానీ" అని.

ఫిజియో దగ్గర ఈ గొడవ పెడితే ఇద్దరికీ సగం సగం మార్కులేశారు. ఐస్ నొప్పిని మొద్దుబారుస్తుంది, అంతవరకే. చెయ్యి త్వరగా కోలుకుంటుందన్న నమ్మకానికి పెద్దగా ఆధారం లేదు. గాయాలకి ఐస్ పెట్టమనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ అనే డాక్టరే తర్వాత్తర్వాత మాట మార్చుకుని, ఐస్ వల్ల గాయం మానడం ఆలస్యం కావొచ్చని రాశారు. కాబట్టి పిల్లకి హాయిగా ఉందంటే పెట్టండి, అక్కర్లేదంటే వదిలేయండి. పెడితే మాత్రం పల్చటి తువ్వాలు మీద పదిహేను నిమిషాలు, అంతకంటే వద్దు. మోచేతి లోపలివైపు ఎముక దగ్గర నేరుగా అస్సలు పెట్టొద్దు. అక్కడ చర్మం కిందే నరం పోతుంది, మోచెయ్యి దేనికైనా తగిలితే చిటికెనవేలి దాకా జివ్వుమనేది అదే.

నూనెకి వస్తే, గోరువెచ్చగా రాసి దండచెయ్యి, వీపు పైభాగం, ముంజేయి మెల్లగా మర్దనా చేస్తే నష్టం లేదు, పిల్ల తొందరగా నిద్రపోతుంది కూడా. భుజం ముందున్న ఆ గాడి మీద మాత్రం బొటనవేలు పెట్టి నొక్కకూడదు. వాపు ఉంటే మర్దనా వద్దే వద్దు.

అడ్విల్ లాంటి నొప్పి మాత్రలు మ్యాచ్‌కి ముందు వేసి పంపే తల్లిదండ్రుల్ని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. నొప్పి చెప్పే కబురు వినపడకుండా చెవులు మూసుకోవడం అది. పైగా ఎండలో నీరసించి, ఖాళీ కడుపుతో ఉన్న పిల్లకి ఆ మాత్రలు కిడ్నీల మీద భారం.

పీకుడా, పోటా?

ఇంత రాసినా, ఇందులో మీకు ఒక్కటే గుర్తుంటే ఇది గుర్తుండాలని నా కోరిక.

ఆ రాత్రి నేను ఎంత అడిగినా మా అమ్మాయి చెప్పింది ఒక్కటే ముక్క: "హర్ట్స్, నాన్నా." ఎంత అంటే, "ఐ డోంట్ నో." అప్పుడు మా అత్తగారు పక్కన కూర్చుని అడిగారు:

"నొప్పి సరేనే తల్లీ, ఎలాంటి నొప్పి? పీకుతోందా? పోటొస్తోందా?"

"తేడా ఏంటి అమ్మమ్మా?"

"రోజంతా నడిస్తే కాళ్లు లాగేస్తాయి చూడు, అది పీకుడు. సూది పెట్టి పొడిచినట్టుంటే పోటు. లోపల గుండె కొట్టుకున్నట్టు దుబ్ దుబ్ అంటుంటే సలుపు."

పిల్ల కాసేపు ఆలోచించి, దండచెయ్యి చూపించి "ఇక్కడ పీకుడు," భుజం ముందు వేలు పెట్టి "ఇక్కడ పోటు" అంది. మర్నాడు ఫిజియో పరీక్ష చేసి చెప్పిందీ అదే: కండ అలిసింది, తాడు రేగింది. మూడు వారాలు పిచింగ్ బంద్.

అప్పటినుంచి మా ఇంట్లో మ్యాచ్ అయ్యాక అడిగే ప్రశ్నలు తెలుగులోనే. మీరూ పిల్లలకి ఈ మాటలు నేర్పండి.

పీకడం, లాగేయడం, పట్టేసినట్టుండటం: కండ అంతటా ఉంటుంది, వేలు పెట్టి ఇక్కడ అని చూపించలేరు. ఒకటి రెండు రోజుల్లో, కాస్త కదిలితే తగ్గుతుంది. కంగారు పడక్కర్లేదు.

పోటు, కలుక్కుమనడం: ఒకే చోట ఉంటుంది, వేలితో చూపించగలరు. ఫలానా కదలికలోనే వస్తుంది. ఇది పిచింగ్ ఆపాల్సిన నొప్పి.

సలుపు: ఊరికే కూర్చున్నా, రాత్రి పడుకున్నా వస్తుంది. నిద్రలోంచి లేపేస్తోందంటే ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

తిమ్మిరి, జివ్వుమనడం, చిటికెనవేలూ దాని పక్క వేలూ మొద్దుబారడం: నరం వ్యవహారం, ఇదీ డాక్టర్ పనే.

వీటితో పాటు వాపు, రెండో చేత్తో పోలిస్తే చెయ్యి అంత ఎత్తు లేవకపోవడం, ఉన్నట్టుండి బంతి వేగం పడిపోవడం కూడా చూసుకోండి. పెరిగే వయసు పిల్లల ఎముకల కొసల్లో ఇంకా గట్టిపడని గ్రోత్ ప్లేట్లు ఉంటాయి. పెద్దవాళ్లకి కండ పట్టే దగ్గర పిల్లలకి అవి దెబ్బతినొచ్చు. అందుకే "నాకూ కాలేజీలో క్రికెట్ ఆడేటప్పుడు ఇలాగే ఉండేది, అదే పోతుంది" అనే నాన్నల వైద్యం ఇక్కడ చెల్లదు. నేనే చేశాను ఆ వైద్యం, అంతకుముందు రెండు వారాలు.

ఆ రాత్రి తిండి, నిద్ర

గ్రౌండ్ దగ్గర దొరికేవి నాచోస్, పికిల్ జ్యూస్, రంగునీళ్లు. కూలర్‌లో ఉప్పేసిన మజ్జిగ సీసా, రెండు ఉడకబెట్టిన గుడ్లు, అరటిపండు పెట్టుకెళ్తే మ్యాచ్ అయిన గంటలోపు కడుపులో పడతాయి. రెండు గుడ్లలో 12 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. ఇంటికొచ్చాక అన్నం, ముద్దపప్పు, చికెనో పనీరో, పెరుగు. అన్నం మానిపించొద్దు, ఖాళీ అయిన కండకి ఇంధనం అదే. మూత్రం లేత పసుపు రంగుకి వచ్చేదాకా నీళ్లు తాగిస్తూ ఉండండి. టెక్సస్ జూలైలో దానికి రాత్రి పది అవుతుంది.

నిద్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. ఈ వయసు పిల్లలకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలి. పిచింగ్ చెయ్యి వైపు తిరిగి పడుకోనివ్వకండి. రెండో వైపు తిరిగి పడుకుంటే ముందు ఒక దిండు పెట్టి దాన్ని కౌగిలించుకోమనండి. లేకపోతే పై చెయ్యి కిందికి వేలాడి, రాత్రంతా భుజాన్ని లాగుతూనే ఉంటుంది. ఆ దిండు మాకు ఐస్ కంటే ఎక్కువ పనిచేసింది.

సోమవారం

సోమవారం బంతి ముట్టుకోకూడదు. పిచింగ్ లెసన్ సోమవారం పెట్టుకున్న వాళ్లుంటే మార్చుకోండి.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. మా అమ్మాయికి సోమవారం సాయంత్రం కూచిపూడి క్లాసు. నాట్యారంభంలో రెండు చేతులూ భుజాల ఎత్తులో చాపి గంటసేపు నిలబెట్టడం మామూలు పని కాదు. ముందురోజు అలిసిన చిన్న కండలే మళ్లీ ఆ బరువు మోస్తాయి. నేను ఫిజియోకి అది చేసి చూపిస్తే ఆవిడ కళ్లు పెద్దవి చేసింది. గురువుగారికి చెబితే, టోర్నమెంట్ మర్నాడు చేతులు నడుం మీదే పెట్టించి అడుగులు మాత్రం వేయిస్తున్నారు. మీ పిల్ల వయొలిన్ వాయించినా, ఈతకి వెళ్లినా టీచరుతో ఒక మాట చెప్పండి. స్కూల్ బ్యాగు రెండో భుజానికి.

కదలకుండా పడుకోబెట్టమని కాదు. ఇరవై నిమిషాలు నడక లేదా సైకిల్, తర్వాత ఈ కింది వాటిలో నొప్పి లేకుండా చేయగలిగినవి.

నాకు బాగా నచ్చింది పక్కకి పడుకుని చేసేది. కుడిచేతి పిచర్ అయితే ఎడమవైపు తిరిగి పడుకోవాలి. చేతి తువ్వాలు చుట్టచుట్టి కుడి మోచేతికీ పక్కటెముకలకీ మధ్య పెట్టాలి. మోచెయ్యి ఎల్ ఆకారంలో వంచి, అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, ముంజేతిని పొట్ట దగ్గర్నుంచి పైకి తిప్పాలి. పైకి లేపడానికి రెండు సెకన్లు, దించడానికి మూడు. పన్నెండుసార్లు, రెండు విడతలు. తువ్వాలు కింద పడిందంటే మోచెయ్యి దూరం జరిగిందన్నమాట. అరలీటరు సీసాతో ఏమవుతుందని నేనూ నవ్వాను, చేసి చూస్తే పదోసారికి నా చెయ్యి వణికింది.

రెండోది గోడ దగ్గర. గోడకి ఎదురుగా నిలబడి, ముంజేతులు రెండూ గోడకి ఆనించి, నెమ్మదిగా పైకి జరుపుతూ వెళ్లి దిగాలి. పదిసార్లు. మూడోది ఒంటికాలి మీద నడుం ఎత్తడం, వెల్లకిలా పడుకుని, కాలికి పదేసి. చేతి నొప్పికి కాళ్లెందుకు అంటారా? బంతికి వేగం కాళ్లూ నడుమే ఇస్తాయి. అవి అలిసిపోతే ఆ లోటు భుజం పూడుస్తుంది. మూడో మ్యాచ్‌లో పిల్ల అడుగు పొట్టిదైందంటే చెయ్యి అరువు తెచ్చుకుని వేస్తోందని అర్థం.

ముంజేయికి, పట్టుకి బియ్యం డబ్బా. బకెట్‌లో సగం దాకా బియ్యం పోసి, చెయ్యి మణికట్టు దాటేదాకా దింపి, వేళ్లు విప్పుతూ మూస్తూ ఉండాలి, తర్వాత అటూ ఇటూ తిప్పాలి. నిమిషం చొప్పున రెండుసార్లు. బేస్‌బాల్ వాళ్లు దశాబ్దాలుగా చేస్తున్నారు. నేను మాత్రం తెలివితక్కువగా వంటింట్లో కొత్త సోనామసూరి బస్తా విప్పి అందులోనే చెయ్యి పెట్టమన్నాను. మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వేరే బియ్యం, వేరే డబ్బా, గరాజ్‌లో.

మంగళవారం నుంచి గురువారం దాకా

బంతి మళ్లీ ఎప్పుడు పట్టాలన్నది క్యాలెండర్ చెప్పదు, చెయ్యి చెబుతుంది. మా ఇంట్లో దీనికి జడ పరీక్ష అని పేరు. పొద్దున్నే తన జడ తనే, రెండు చేతులూ తల వెనక్కి పెట్టి, ఎక్కడా ఆగకుండా అల్లుకోగలిగిందా? గోడకి చేతులు ఆనించి పది పుషప్‌లు తీస్తే పోటు లేదా? భుజం ముందు గాడి మీద వేలితో మెల్లగా నొక్కితే రెండు వైపులా ఒకేలా ఉందా? మూడింటికీ సరే అయితేనే ముందుకి.

ఎక్కువ వేసిన వారాంతం తర్వాత మాకు కుదిరిన క్రమం ఇది. మంగళవారం కూడా బంతి లేదు, సోమవారం చేసినవే. బుధవారం పదిహేను అడుగుల దూరం నుంచి మణికట్టు విసుర్లు పాతిక, సగం చుట్టు విసుర్లు పదిహేను. గురువారం అసలు దూరం, అంటే ఈ వయసుకి 43 అడుగులు, అక్కడి నుంచి నలభై బంతులు, పూర్తి బలంలో ముప్పావు వంతు. ఎక్కడ పోటు వచ్చినా ఆ రోజుకి అక్కడితో ఆపి, మర్నాడు ఒక మెట్టు వెనక్కి. శుక్రవారం ఖాళీ. తక్కువ వేసిన వారమైతే ఇందులో ఒక రోజు కోసేయొచ్చు.

ఏడాదిలో కొన్ని నెలలు పిచింగ్ పూర్తిగా ఆపాలి. బేస్‌బాల్ మార్గదర్శకాలు నాలుగు నెలలు అంటాయి, అందులో కనీసం రెండు మూడు నెలలు వరసగా. మేం నవంబర్, డిసెంబర్ తీసుకుంటున్నాం. అప్పుడు బాస్కెట్‌బాల్ ఆడుతుంది.

గురువారం రాత్రి కౌంటర్ లెక్కలు చూసుకుని కోచ్‌కి మెసేజ్ పెట్టండి. గొడవలా కాదు, వాతావరణం కబురు చెప్పినట్టు: "ఈ వారం చెయ్యి బావుంది. వార్మప్ కాకుండా రోజుకి 110 దాకా వేయగలదు. శనివారం రెండో మ్యాచ్ మధ్యలో ఇంకొకరు కావాల్సి రావచ్చు." మొదటిసారి పంపినప్పుడు మా కోచ్ దగ్గర్నుంచి ఒక్క బొటనవేలు ఎమోజీ వచ్చింది, ఇంకేం లేదు. మూడో వారం బుల్‌పెన్ వైపు వెళ్తే, ఫస్ట్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే పిల్ల అక్కడ చెయ్యి తిప్పడం నేర్చుకుంటోంది. నేర్పుతున్నది మా అమ్మాయి, ఎడమ చేత్తో బంతి పట్టుకుని.